ఎవరూ దాటని వంతెన

పిల్లలూ! ఎవరూ ఎక్కి నడవని వంతెన ఒకటున్నది. దాని కింద ఏరు లేదు, పైన బండ్లు పోవు. పొడవు రెండు మూరలైనా వుండదు. అయినా ఒక నిండు మనిషి ప్రాణం దాన్ని నమ్ముకుని వుంటుంది. అమెరికా అడవుల్లో, చెట్టు మీద, వేటగాడి బొడ్డుకెదురుగా వేలాడే తాడుముక్క అది. ఇంగ్లీషువాళ్లు దాన్ని బ్రిడ్జి అంటారు. మనం వంతెన అందాము.

వేటగాడు చెట్టెక్కటం దేనికంటారా? అక్కడ తెల్లతోక జింకలను విల్లంబులతో వేటాడేవారున్నారు. బాణం దూరం పోదు గనక జింక దగ్గరికి వచ్చేదాకా కదలకుండా కాచుకోవాలి. నేల మీద కూర్చుంటే అది ఇట్టే పసిగడుతుంది. అందుచేత నాలుగైదు మీటర్ల ఎత్తున చెట్టు మీద గంటల తరబడి కూర్చుంటారు. మన పల్లెల్లో చేను కాయటానికి మంచె వేసినట్టే వాళ్లూ మంచెలు కట్టుకునేవారు, ఇప్పటికీ కట్టుకుంటున్నారు. మంచె మీద కునికిపాట్లు పడి, పట్టు తప్పి కింద పడటం వల్ల అక్కడి వేటగాళ్లు చాలామంది దెబ్బలు తింటున్నారు. (మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకల వేట నిషిద్ధం. కనుక మనకు కావలసింది జింక కాదు, తాడు.)

కొందరు మంచె మానేసి జీను కట్టుకుంటారు. జీను గుర్రానికి గదా, మనిషికేమిటని నవ్వకండి. పిరుదుల కింద ఆనేటట్టు నడుము చుట్టూ కట్టుకునే వెడల్పాటి గట్టి గుడ్డపట్టీ అది. దానికి రెండు తుంటి ఎముకల దగ్గరా రెండు చెవులు, అంటే తాడు కట్టుకునే ఉచ్చులు, కుట్టి వుంటాయి. ఎడమ చెవి నుంచి కుడి చెవికి పొట్ట ముందుగా పోయే తాడే మన వంతెన. వంతెన మీద ఒక లోహపు కొక్కెం అటూ ఇటూ జారుతూ వుంటుంది. ఆ కొక్కేన్ని చెట్టు మానుకు బిగించిన మరో తాడుకు తగిలిస్తారు. ఇక మనిషి కాళ్లు చెట్టుకు ఆనించి, ఉయ్యాల్లో వాలినట్టు వెనక్కు వాలుతాడు.

ఇది వింటే మీకు తాడిచెట్టెక్కే గీత కార్మికుడు గుర్తు వచ్చి వుండాలి. అతని మోకు కూడా చెట్టునూ అతని వీపునూ కలిపి చుట్టి వుంటుంది. వెనక్కు వాలితే బిగుస్తుంది, ముందుకు ఒరిగితే వదులై పైకి జరుగుతుంది. ఎంత తెలివైన పని! కాని కాలు జారిందంటే బరువంతా వదులై, మోకు కూడా మనిషితోపాటు కిందికి జారుతుంది. ఎంతో నేర్పున్నవాళ్లు కూడా అట్లా పడి ప్రాణాలు పోగొట్టుకున్నారు, నడుములు విరగ్గొట్టుకున్నారు. అందుకే 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో “కాటమయ్య రక్షణ కవచం” అనే పేరుతో తాళ్లూ పట్టీలూ వున్న సామాను గీత కార్మికులకు ఇవ్వటం మొదలుపెట్టింది. కాటమయ్య వారు కొలిచే దేవుడు.

ఇక వంతెన సంగతికి వద్దాము. దాని పొడవు మార్చుకునే వీలు ఎందుకుండాలి? నీళ్ల బకెట్‌కు తాడు కట్టి ఇద్దరు చెరొక కొసా పట్టుకుని మోసి చూడండి. దగ్గర దగ్గరగా నడిచినంతసేపూ తేలికే. దూరం జరిగేకొద్దీ, తాడు అడ్డంగా సాగేకొద్దీ, చేతులు పీకేస్తాయి. బకెట్ బరువు పెరగలేదు, తాడు కోణం పెరిగింది.

జీను చెవుల మధ్య దూరం 38 సెంటీమీటర్లనుకోండి. వంతెన దానికి రెండింతలు, అంటే 76 సెంటీమీటర్లు వుంటే, కొక్కెం దగ్గర ఏర్పడేది సమబాహు త్రిభుజం. అక్కడి కోణం 60 డిగ్రీలు. 60 కిలోల మనిషి కాళ్లు ఆనించకుండా వేలాడితే తాడు ఒక్కొక్క పక్కనా సుమారు 35 కిలోల బరువుతో లాగుతుంది. ఆ లాగుడులో తుంటిని లోపలికి నొక్కేది 17 కిలోలు. వంతెనను 44 సెంటీమీటర్లకు కుదిస్తే కోణం 120 డిగ్రీలవుతుంది. అప్పుడు ఒక్కొక్క పక్కనా పూర్తిగా 60 కిలోలు! తుంటిని నొక్కేది 52 కిలోలు. రెండు వైపులా ఎవరో పిడికిళ్లతో అదిమినట్టుంటుంది.

అయితే ఎప్పుడూ పొడవుగానే వుంచుకోరాదా? ఉంచుకోరాదు. వంతెన పొడవైతే చెట్టుకు దూరంగా వేలాడాలి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చెట్టుకు దగ్గరగా వుండాలి. కూర్చున్నాక సుఖం కోసం దూరం కావాలి. చలికాలంలో లావుపాటి కోటు వేసుకుంటే మళ్లీ కొలత మారుతుంది. అందుకని ఒక వైపు కదలని ముడి, రెండో వైపు కదిలే ముడి పెడతారు.

ఈ కదిలే ముడిలోనే వుంది చమత్కారమంతా. వంతెనకు 10 మిల్లీమీటర్ల తాడు వాడారనుకోండి. లోపల పోగులు, పైన అల్లిన తొడుగు వున్న తాడు అది. దాని ఒక కొసను ఎడమ చెవికి గట్టిగా ముడివేస్తారు. కుడి చెవికి మాత్రం అంతకంటే సన్నని, 6 నుంచి 8 మిల్లీమీటర్ల తాడుతో చేసిన ఉంగరం తగిలిస్తారు. ఆ ఉంగరం పెద్ద తాడును మూడుసార్లు చుట్టి పట్టుకుంటుంది. బరువు లేనప్పుడు బొటనవేలితో నెడితే జారుతుంది. బరువు పడిందా, ఆ చుట్లు పెద్ద తాడును నొక్కి, వంచి, కరచి పట్టుకుంటాయి. మనిషిని కింద పడేసే బరువే ముడిని బిగించే బరువన్న మాట! అందుకనే కూర్చుని వుండగా దాన్ని జరపబోతే జరగదు. కాళ్ల మీద లేచి, బరువు తీసి జరపాలి.

దీన్ని ప్రూసిక్ ముడి అంటారు. కార్ల్ ప్రూసిక్ అనే ఆస్ట్రియా దేశపు పర్వతారోహకుడు 1931లో దీన్ని కొండలెక్కేవారికి చూపించాడు. ఆయన సంగీతం మేష్టరు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో తెగిన వాద్యాల తీగలను అతుకు వెయ్యటంలో ఈ ముడి తనకు తట్టిందని చెబుతారు.

చుట్లు మూడే ఎందుకు? పొగరుబోతు గిత్త పలుపును గుంజకు రెండు చుట్లు తిప్పి, ఆ కొసను చిన్న పిల్లవాడు పట్టుకుని నిలబడటం పల్లెలో వుండేవారు చూసే వుంటారు. ఒరిపిడి చుట్టుకింత చొప్పున కూడదు, చుట్టు చుట్టుకూ హెచ్చవేస్తుంది. ఒరిపిడి గుణకం 0.3 అయితే ఒక చుట్టుకు పట్టు 6.6 రెట్లు, రెండు చుట్లకు 43 రెట్లు, మూడు చుట్లకు 286 రెట్లు! మన ముడి అచ్చంగా గుంజ కాదు గాని, దాని సొంత తమ్ముడు. అందుచేత నున్నటి తాడు పనికిరాదు. డైనీమా అనే తాడున్నది, ఉక్కుకు తీసిపోని బలం. కాని జారుడెక్కువ, పైగా 150 డిగ్రీల వేడికే కరిగిపోతుంది. ముడి జారితే ఒరిపిడికి వేడి పుడుతుంది గదా! నైలాన్ కరగాలంటే 200 డిగ్రీలు దాటాలి.

ఇంత చేసినా ఒక చిన్న పని మరిచిపోతే అంతా గంగపాలు. ముడి పట్టుకోవాలంటే దాని కింద తాడు వుండాలి. పొడవు పెంచుతూ పెంచుతూ పోతే ముడి తాడు కొసకు వచ్చి ఊడిపోదూ? అందుకని పెద్ద తాడు కొసను రెండు మెలికలు వేసి లావుపాటి ముద్దముడి వేస్తారు. కొక్కెం రుద్దుకునే నడిమి భాగాన్ని కూడా రోజూ వేళ్లతో తడిమి చూస్తారు. తొడుగు చిట్లి లోపలి పోగు కనిపిస్తే తాడు మార్చవలసిందే. కొత్త వంతెన కట్టినవాడు ముందుగా నేలకు జానెడు ఎత్తునే వేలాడి చూసుకుంటాడు.

ఇప్పుడు మీరొకటి కట్టండి. మనుషులకు కాదు, నీళ్ల సీసాకు! ఈ తాళ్లతో మీరు వేలాడకూడదు, మెడ దగ్గరికి తాడు రానివ్వకూడదు. పెద్దవాళ్లెవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి.

చిటికెనవేలంత లావున్న నూలుతాడు మూడు మూరలు తీసుకోండి. దానికంటే సన్నని తాడు రెండు మూరలు తీసుకుని కొసలు గట్టిగా ముడివేస్తే ఉంగరం తయారు. ఉంగరాన్ని లావు తాడు వెనక పెట్టి, ఒక కొసను రెండో కొసలో నుంచి దూర్చండి. ఒక చుట్టయింది. అట్లాగే మరి రెండుసార్లు దూర్చి, చుట్లు ఒకదాని మీదికొకటి ఎక్కకుండా పక్కపక్కన సర్ది లాగండి. ఇప్పుడు లావు తాడు ఒక కొసను కిటికీ అడ్డపట్టీ, నిలువు చువ్వ కలిసేచోట కట్టండి. మూరెడు ఎడంగా అటువంటిదే మరో చోట, ఉంగరం రెండో కొసను పురికొసతో కట్టండి. లావు తాడు మిగిలిన కొసకు ముద్దముడి వేసి వదిలెయ్యండి. వంతెన నడుమ ఒక సంచీ తగిలించి, అందులో లీటరు నీళ్ల సీసా పెట్టండి. కింద దుప్పటి మడిచి వెయ్యండి.

సంచీని కాస్త ఎత్తి పట్టుకుని ముడిని జరపండి, వదలండి. ఎక్కడ ఆపితే అక్కడ పట్టుకుంటుంది. ఇక ముద్దముడి విప్పి, ఉంగరాన్ని సరిగ్గా కొసదాకా జరిపి సంచీ వదలి చూడండి. దుప్పటి ఎందుకు వెయ్యమన్నానో అప్పుడు తెలుస్తుంది.

తరవాత మూడు చుట్లకు బదులు రెండు చుట్లతో, ఒక్క చుట్టుతో చెయ్యండి. నూలుతాడు తీసి నైలాన్ తాడు పెట్టండి. దాన్ని తడిపి కూడా చూడండి. ఏ తాడుకు ఎన్ని చుట్లు చాలినవో ఒక కాగితం మీద రాసుకుని మాకు పంపండి.