ఊరికే అల్లినది

"ఇంత బాగా అల్లావు, అమ్మకానికి పెట్టకూడదూ?" చేత్తో చేసిన చిన్న వస్తువు ఏది చూపించినా మనవాళ్ల నోట మొదట వచ్చే మాట ఇదే. అది తాళంచెవులకు తగిలించుకునే ఊలు చేప కావచ్చు, ఫోను పెట్టుకునే దారపు సంచి కావచ్చు, పాత పట్టుచీర అంచుతో కుట్టిన పర్సు కావచ్చు. మెచ్చుకోవాలన్న మంచి ఉద్దేశంతోనే అంటారు, కాదనలేం. కానీ ఆ మాట చెవిన పడ్డాక అల్లిన అమ్మాయి దాన్ని కొనేవాళ్ల కళ్లతో చూడటం మొదలుపెడుతుంది. ఈ రంగు పక్కన ఆ రంగు నప్పిందా అని చూసుకోవడం పోయి, రెండొందలు పలుకుతుందా అన్న ఆలోచన వస్తుంది. సరదా సగం అక్కడితో సరి.

అల్లికలు, కుట్లు మనకు కొత్త కాదు. పెళ్లిచూపుల్లో "అమ్మాయికి కుట్లూ అల్లికలూ వచ్చా?" అని అడిగిన రోజులు మరీ పాతవేమీ కావు. గుమ్మానికి ఊలు తోరణం, రేడియో మీద లేసు గుడ్డ, దిండు గలేబు మీద కాడకుట్టుతో రెండు చిలకలు, కూరలకు వైరు బుట్ట... ఏ ఇంటికి వెళ్లినా ఇవి ఉండేవి. బడిలో క్రాఫ్టు పీరియడు ఉండేది. టైలరింగ్, ఎంబ్రాయిడరీల్లో లోయరు, హయ్యరు పరీక్షలు ప్రభుత్వం పెట్టేది, ఇప్పటికీ పెడుతోంది. తర్వాత రెడీమేడ్ వచ్చి వీటన్నిటినీ అటక ఎక్కించింది. 2020లో లాక్‌డౌన్ తలుపులు మూసినప్పుడు చాలా ఇళ్లలో ఆ సూదులు మళ్లీ కిందికి దిగాయి. ఈసారి నేర్పింది అత్తలూ పిన్నులూ కాదు, ఫోనులో వీడియోలు. పెళ్లిచూపుల భయమూ లేదు. ఎవరూ అడగకుండా, ఎవరి మెప్పూ అక్కర్లేకుండా నేర్చుకున్నారు. ఆ ఒక్క విషయంలో ఈ తరంవాళ్లు అదృష్టవంతులు.

చేసే వస్తువులు కూడా మారాయి. విజయవాడ ఎండలో స్వెట్టరు ఎవరికి కావాలి? అందుకే జడకు స్క్రంచీ, చెవులకు దారపు జుంకాలు, కళ్లజోడుకు సంచి, నీళ్లసీసాకు తొడుగు, బ్యాగుకు వేలాడే బొమ్మ. అన్నీ చిన్నవి. చిన్నవి కావడంలోనే కిటుకంతా ఉంది. వంటయ్యాక మొదలుపెడితే పడుకునేలోపు ఒకటి పూర్తవుతుంది. ఉద్యోగంలో ఏ పనికీ తుదీ మొదలూ కనిపించని మనుషులకు, తాము మొదలుపెట్టి తామే ముగించిన వస్తువు ఒకటి అరచేతిలో ఉండటం ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు.

అల్లడానికీ కుట్టడానికీ స్వభావంలో తేడా ఉంది. క్రోషేలో ఉండేది ఒక్క కొక్కెం సూది, ఒక కుట్టు పూర్తయ్యేసరికి దాని మీద మిగిలేది ఒక్క ఉచ్చు. లెక్క తప్పిందా, దారం పట్టుకుని లాగేయడమే. వరసకు వరస ఊడిపోయి దారం మళ్లీ దారమై చేతికొస్తుంది, పెద్దగా నష్టం లేదు. రెండు సూదుల ఊలు అల్లిక కొంచెం కోపిష్ఠిది. ఉచ్చులన్నీ సూది మీదే బతుకుతాయి కాబట్టి ఒకటి జారితే కింది వరసల దాకా నిచ్చెనలా దిగిపోతుంది. కుట్టుపనికి ఇంత దయ కూడా లేదు. కత్తెర పడ్డాక గుడ్డ వెనక్కి రాదు. పర్సు కుట్టేటప్పుడు లోపలి లైనింగు, బయటి గుడ్డ తిరగేసి కుట్టి, చివర వదిలిన సందులోంచి మళ్లీ మంచివైపుకు లాగాలి. ఎటు ఏది వస్తుందో ముందే మనసులో తిప్పి చూసుకోవాలి. జిప్పు దగ్గరికి వచ్చేసరికి సగం మంది బొత్తాలతో సరిపెట్టుకుంటారు. కొలిచి, గుర్తుపెట్టి, మళ్లీ కొలిచి కత్తెర వేసే ఓపిక ఒకరిది, తప్పు పోతే నవ్వి విప్పేసే తీరు ఇంకొకరిది. ఎవరికి ఏది నప్పుతుందో సూది పట్టేదాకా తెలియదు.

ఇది ఆడవాళ్ల పని అనేవాళ్లు ఇంకా ఉన్నారు. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో ప్రేక్షకుల వరసలో కూర్చుని ఊలు అల్లుతూ కెమెరాకు చిక్కిన మనిషి బ్రిటన్ డైవర్ టామ్ డేలీ. అప్పటికి కొద్ది రోజుల ముందే పది మీటర్ల జంట డైవింగులో స్వర్ణం గెలిచాడు. ఆ పతకం గీతలు పడకుండా దాచుకోవడానికి ఒక చిన్న సంచి అల్లుకున్నాడు. ఒకవైపు బ్రిటన్ జెండా, రెండోవైపు జపాన్ జెండా. ఆ పోటీల ఒత్తిడిలో మనసు కుదుటపడేందుకు అల్లికే తోడ్పడిందని కూడా చెప్పాడు. బంగారు పతకానికి పెట్టె కొనలేక అల్లుకున్నాడని ఎవరూ అనుకోరు కదా!

ఇక మన గోదావరి తీరానికి వస్తే ఇదే కొక్కెం సూది కథ వేరేగా ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దం మధ్యకాలంలో స్కాట్లాండ్ మిషనరీలు ఈ ప్రాంతపు స్త్రీలకు లేసు అల్లడం నేర్పారు. ఆ రోజుల్లోనే ఐర్లాండులో బంగాళాదుంప కరవు వచ్చి జనం ఆకలితో చచ్చిపోతుంటే, అక్కడి క్రైస్తవ సన్యాసినులు కూడా ఆడవాళ్లకు క్రోషే నేర్పి నాలుగు డబ్బులు వచ్చేలా చేశారు. ఇక్కడ నరసాపురం చుట్టుపక్కల ఆ విద్య వేళ్లూనుకుని ఎగుమతి వ్యాపారం అయింది. ఒకరు పూలు అల్లుతారు, ఇంకొకరు ఆ పూలను అతికి టేబుల్ గుడ్డో దిండు తొడుగో చేస్తారు, ఏజెంటు వచ్చి తీసుకెళతాడు.

1970లలో జర్మన్ సామాజికశాస్త్రవేత్త మారియా మీస్ వచ్చి ఈ లేసు అల్లే ఆడవాళ్ల మధ్య తిరిగారు. ఆమె పుస్తకం 1982లో వెలువడింది. అందులో ఆమె ఎత్తి చూపినది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. వంటా వార్పూ పిల్లలూ చూసుకుంటూనే ఈ ఆడవాళ్లు రోజూ గంటల తరబడి అల్లుతున్నారు. అయినా వాళ్లను ఎవరూ కార్మికులనలేదు. ఇంట్లో కూర్చునే గృహిణులు, తీరిక వేళ కాలక్షేపానికి అల్లుతున్నారు అన్నారు. కాలక్షేపం అన్నాక కూలి గట్టిగా అడిగేదెవరు? అమ్మకం, ఎగుమతి, లాభం మగవాళ్ల చేతుల్లోకి పోయాయి. సరదా అనే ఒక్క మాట చాటున ఒక పరిశ్రమ కూలి ఎగ్గొట్టింది. ఇంతకన్నా మెత్తగా చెప్పడం మాకు చేతకావడం లేదు.

నరసాపురం క్రోషే లేసుకు 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. సంతోషమే. పేరు నిలబడింది, కూలి కూడా నిలబడాలి.

ఇక్కడ యంత్రాల సంగతి ఒకటి చెప్పుకోవాలి. మేజోళ్లు అల్లే చట్రాన్ని ఇంగ్లండులో విలియం లీ 1589లోనే తయారుచేశాడు. చేతి అల్లికతో బతికే పేదల పొట్ట కొడుతుందని ఎలిజబెత్ రాణి దానికి పేటెంటు ఇవ్వలేదంటారు. అయినా యంత్రం ఆగలేదు. ఈనాటి స్వెట్టర్లలో చాలా భాగం యంత్రాలు అల్లినవే. క్రోషే మాత్రం లొంగలేదు. చూడటానికి అలా కనిపించే గుడ్డను యంత్రాలు తయారుచేస్తాయి గానీ, అసలైన క్రోషేను బజారుకు సరిపడా అల్లే యంత్రం ఇంకా రాలేదు. కాబట్టి పెద్ద దుకాణాల్లో వేలాడే అసలైన క్రోషే టోపీ అయినా, భుజాన వేసుకునే సంచి అయినా ఎక్కడో ఒక మనిషి వేళ్లతో అల్లినదే. దాని మీద ధర మరీ చవగ్గా కనిపించిందంటే ఆ తగ్గింపు ఎవరి కూలిలోంచి వచ్చిందో ఊహించుకోవచ్చు.

సరదాకు అల్లేవాళ్లను అమ్మమని తొందరపెట్టవద్దని అనేది అందుకే. అమ్మితే తప్పని కాదు. అమ్మదలచుకుంటే మాత్రం గంటలు లెక్క కట్టి అమ్మాలి. "ఎలాగూ ఖాళీయే కదా, దారం ఖర్చు వస్తే చాలు" అనుకుని మూడు సాయంకాలాలు పట్టిన సంచిని దారం ధరకే ఇచ్చేస్తే, అదే పని మీద ఇల్లు గడుపుకునే ఆవిడ రేటు కూడా అక్కడికే దిగుతుంది. జీతం వచ్చే ఇంట్లో కూర్చుని చేసే ఈ ఔదార్యం జీతం రాని ఇంటికి బరువు. అలా ఇవ్వడం కన్నా స్నేహితురాలి కూతురికి ఊరికే ఇచ్చేయడం మేలు. బహుమతికి బజారుతో పోటీ లేదు.

సరదాగా నేర్చుకున్నవాళ్ల వల్ల ఒక మేలు తప్పక ఉంది. అరచేయంత పువ్వు అల్లడానికి మెడ ఎంత లాగుతుందో, కళ్లు ఎంత మండుతాయో వాళ్లకు తెలుసు. ఈసారి నరసాపురం వైపు వెళ్లి లేసు కొనాల్సి వస్తే, బేరం మొదలుపెట్టే ముందు ఆ గుడ్డ అల్లడానికి ఎన్ని రోజులు పట్టిందని అమ్మే ఆవిడను అడగండి. ఆవిడ చెప్పిన రోజులను మీ ఊరి రోజుకూలితో లెక్కవేసి చూడండి. ఆ తర్వాత బేరం ఆడాలో వద్దో మీ ఇష్టం.