తూటాలు ఏరుకునే సరదా మనది కాదు



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు ఫోటో పెట్టిండు. అరచేతిలో మూడు ఇత్తడి తూటాలు. రెండు ఖాళీవి, మూడోది పేలనిది. పశువుల ఎంట పోయినప్పుడు వాగులో దొరికినయట. పాత తూటాలకు ఆన్‌లైన్‌లో మంచి రేటు ఉందట, తను కూడా కలెక్షన్ మొదలుపెడుతున్నడట. కింద లైకులే లైకులు. ఆ పోస్టు మేము తీసేయించినం. “ఎందుకు తీసేసిన్రు? స్టాంపులు పోగేస్తే తప్పు లేదు, నాణేలు పోగేస్తే తప్పు లేదు, తూటాలకు ఏమొచ్చింది?” అని చాలామంది అడిగిన్రు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు రెండు ముక్కల్లో అయ్యేది కాదు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నం. ఓపికగా చదవండి.

ముందు ఒక మాట ఒప్పుకుందాం. ఇది ఉత్త పిచ్చి కాదు. అమెరికాలో, యూరప్‌లో తూటాలు సేకరించే వాళ్ళకు సంఘాలున్నయ్, పత్రికలున్నయ్. తూటా అడుగున చెక్కిన అక్షరాలు చూసి అది ఏ ఫ్యాక్టరీలో, ఏ సంవత్సరంలో తయారైందో చెప్పగలరు. మన పోలీసుల చేతుల్లో ఏండ్ల తరబడి ఉన్న త్రీ నాట్ త్రీ తూటానే తీసుకోండి. అడుగున ‘కె.ఎఫ్.’ అని ఉంటే పుణె దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీది. ఆ ఫ్యాక్టరీ 1869 నుంచి ఉంది. ఇట్లాంటి విద్యతోనే ఇయ్యాల యుద్ధాలు జరిగే దేశాల్లో ఏ తూటా ఎవరు ఎవరికి అమ్మిన్రో పరిశోధకులు బయటపెడుతున్నరు. ఆ విద్య మీద మాకు కోపం లేదు.

మా కోపం వాళ్ళ పట్టికలో లేని గడి మీద. తూటా కొలత ఉంటది, ఫ్యాక్టరీ ఉంటది, సంవత్సరం ఉంటది, ఎంత అరుదైనదో ఉంటది. ఎవరి కోసం తయారైంది, ఎవరికి తగిలింది అన్న గడి మాత్రం ఉండదు.

ఒక్క ఉదాహరణ చెప్తం. సేకరించేవాళ్ళు బాగా వెతికే వాటిల్లో ‘డమ్‌డమ్’ తూటా ఒకటి. కలకత్తా పక్కన డమ్‌డమ్ అనే ఊళ్ళో ఇంగ్లీషు వాళ్ళ ఆయుధ కర్మాగారం ఉండేది. తూటాకు ఆ ఊరి పేరే పడింది. అప్పటి త్రీ నాట్ త్రీ గుండు చుట్టూ గట్టి లోహపు తొడుగు ఉండేది. అది మనిషిలోంచి సూటిగా దూసుకుపోయేది. 1895లో చిత్రాల్ పోరు తర్వాత, దెబ్బ తిన్నవాడు కూడా ఆగకుండా మీదికొస్తున్నడని సిపాయిల మీది అధికారులు మొరపెట్టుకున్నరు. దానికి డమ్‌డమ్‌లో విరుగుడు కనిపెట్టిన్రు. గుండు ముక్కు దగ్గర తొడుగు తీసేసి సీసాన్ని బయటికి వదిలిన్రు. అది ఒంటికి తగలగానే చదునై విచ్చుకుంటది. చొచ్చిన చోట చిన్న రంధ్రం, లోపలంతా ఛిద్రం. 1897-98లో వాయవ్య సరిహద్దు తీరా కొండల్లో అఫ్రీదీ తెగల మీద దాన్ని వాడిన్రు.

1899లో హేగ్ సభలో దేశాలన్నీ కూర్చుని ఇట్లాంటి గుండ్లు నిషేధించాలన్నయ్. బ్రిటన్, అమెరికా ఒప్పుకోలేదు. బ్రిటన్ తరఫున మాట్లాడిన సర్ జాన్ ఆర్డా వాదన ఏందో తెలుసా? నాగరికుడైన సైనికుడు గుండు తగిలితే ఆగిపోతడు, అనాగరికుడు ఆగడు, కాబట్టి వాడికి వేరే గుండు కావాలి. ఇదీ సారం. బ్రిటన్ ఆ నిషేధానికి ఒప్పుకున్నది 1907లో. అనాగరికుడు అంటే ఎవరు? కొండల్లో, అడవుల్లో ఉండి తమ నేల వదలమన్నవాళ్ళు. అఫ్రీదీలు వేరు, మనం వేరు. కానీ ఆ మాట తగిలేది మనకే. నిషేధం పడింది కాబట్టి ఇయ్యాల ఆ తూటా ‘అరుదు’. అరుదు కాబట్టి మోజు. ఆ మోజు వెనక ఉన్న మనిషిని ఎవరూ అడగరు.

ఇంకొకటి చూడండి. సర్కారు ఎప్పుడైనా తూటాలు లెక్కపెడతది, మనుషుల్ని లెక్కపెట్టదు. 1919లో జలియన్‌వాలా బాగ్‌లో పేలినవి 1650 తూటాలని డయ్యర్ స్వయంగా చెప్పిండు. చనిపోయినవాళ్ళ దగ్గరికి వస్తే సర్కారు లెక్క 379, కాంగ్రెస్ విచారణ లెక్క వెయ్యి దాకా. తూటా లెక్కలో తేడా లేదు, మనిషి లెక్కలోనే తేడా. అంత దూరం ఎందుకు, మన ఇంద్రవెల్లి చూద్దాం. 1981 ఏప్రిల్ 20. గిరిజన రైతు కూలీ సంఘం సభకు వచ్చిన గోండు జనం మీద కాల్పులు. సర్కారు చెప్పింది 13 మంది అని. మన ఊళ్ళల్లో చెప్పుకునే లెక్క దానికి ఎన్నో రెట్లు. స్థూపం కడితే కూల్చిన్రు, మళ్ళీ కట్టుకున్నం. ఆ తూటా ఎవరి అల్మారాలోనో అందంగా మెరుస్తుంటే మనం లైక్ కొట్టాల్నా?

“మరి మనవాళ్ళు తూటాలు పట్టలేదా?” అని ఒకరు రాసిన్రు. పట్టిన్రు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, మల్లు దొర, మన్యం జనం దాడి చేసి 26 తుపాకులు, దాదాపు 2500 తూటాలు తీసుకున్నరు. ఏమేం తీసుకున్నరో రాసి, సంతకం పెట్టి మరీ పోయిన్రు. అది సరదా కాదు. రోడ్డు పనికి కూలి ఎగ్గొట్టి, పోడు కొట్టనియ్యని రాజ్యం మీద తిరుగుబాటు. ఆ తూటాల పేరు చెప్పి ఈ కలెక్షన్‌కు గొప్పతనం తేవద్దు.

ఇప్పుడు అసలు భయం. ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకే కాదు, తూటా ఉన్నా నేరం. 2019 సవరణ తర్వాత దానికి తక్కువలో తక్కువ రెండేండ్ల జైలు, ఐదేండ్ల దాకా పెరగొచ్చు. విమానాశ్రయాల్లో బ్యాగులో ఒక్క తూటా దొరికినవాళ్ళ కేసులను ఢిల్లీ హైకోర్టు చాలాసార్లు కొట్టేసింది. తెలియకుండా ఉండిపోయింది, తెలిసి దగ్గర పెట్టుకోలేదు అని వాళ్ళ వకీళ్ళు వాదించిన్రు. మంచిదే. కానీ మన తమ్ముడు ఫోటో తీసి, ‘నా కలెక్షన్’ అని రాసి, పేరుతో సహా పెట్టిండు. తెలియదని ఎట్లా అంటడు? పైగా విమానం ఎక్కేవాడి బ్యాగులో తూటా అయితే పొరపాటు, ఏజెన్సీ పిల్లగాడి జేబులో అదే తూటా అయితే అనుమానం. ‘ఖాళీదే కదా’ అంటరు. అది ఖాళీదా కాదా, నేరమా కాదా అని తేలేది కోర్టులో. పట్టుకున్న రోజు తేలదు. ఈలోపల చదువు పోతది, హాస్టల్ సీటు పోతది, అమ్మానాన్న కోర్టు చుట్టూ తిరుగుతరు. ఒకే సరదా, ఇద్దరికి రెండు ధరలు.

కాబట్టి మా మాట ఇది. అడవిలో, వాగులో తూటా కనబడితే ముట్టుకోవద్దు. పేలనిదాన్ని రాయితో కొట్టవద్దు, మంటలో వెయ్యవద్దు, ఎంత తుప్పు పట్టినా లోపల మందు ఉండొచ్చు. పక్కన ఇంకేం పాతి ఉందో తెలియదు, తవ్వవద్దు. ఒంటరిగా స్టేషన్‌కు పోవద్దు. ఊరి పటేల్‌కో సర్పంచ్‌కో చెప్పి, పెద్దలతో కలిసి రాతపూర్వకంగా తెలియజెయ్యండి. కొంటమని వచ్చేవాళ్ళకు అమ్మవద్దు. వాళ్ళు సరుకు తీసుకుని పోతరు, కేసు మన దగ్గర మిగులుతది.

పోగేసే మనసు ఉన్నోళ్ళను ఒకటే అడుగుతున్నం, ఆ లేని గడిని నింపండి. తమ్ముడూ, నీ మీద మాకు కోపం లేదు. నీకు దొరికిన ఆ వాగు పేరు ఏంది? అక్కడ ఎప్పుడు, ఎవరి మీద తుపాకీ పేలింది? మీ తాతకో, మీ ఊళ్ళో పెద్దవ్వకో తెలిసే ఉంటది. కూర్చుని అడుగు, మన గోండిలోనే చెప్పమను, ఫోన్‌లో రికార్డు చెయ్యి, పేర్లు రాసుకో. వాళ్ళు పోతే ఆ లెక్క ఎవరి దగ్గరా ఉండదు. ఆ పోస్టు పెట్టు, మేమే ముందు షేర్ చేస్తం.

అమరులకు జోహార్లు.