సర్కారు వకీలు, ప్రజా వేదిక

కువైట్‌లో ప్రభుత్వం తరఫున కోర్టుల్లో వాదించి, చట్టాల ముసాయిదాలను పరిశీలించే సంస్థను ఫత్వా, శాసన విభాగం అంటారు. అక్కడ పనిచేసిన న్యాయవాది ఉద్యోగం వదిలి రాజకీయ సమీకరణకు, వ్యాఖ్యానానికి పూనుకుంటే అతనికి పార్టీ అనే ఆసరా దొరకదు. ఆ దేశంలో పార్టీలకు చట్టబద్ధమైన గుర్తింపు లేనందువల్ల జాబ్రియా వంటి నివాస ప్రాంతాల్లోని దివానియాలే, అంటే ఇంటి యజమాని అతిథులతో కూర్చుని మాట్లాడుకునే సభాశాలలే, అతని వేదికలు. 2024 మే 10న ఎమీర్ జాతీయ అసెంబ్లీని రద్దుచేసి, రాజ్యాంగంలోని కొన్ని అధికరణలను నాలుగేళ్లకు మించని కాలానికి నిలిపివేశాక ఆ దారి మరింత ఇరుకైంది. దీనికి భిన్నంగా, ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం, ఆయన ప్రభుత్వ న్యాయవాది కాకపోయినా, 1921లో మద్రాసులో బాగా సాగుతున్న ప్రాక్టీసు మానుకుని ‘స్వరాజ్య’ పత్రిక పెట్టినప్పుడు, పరాయి పాలనలో సైతం ఆయన వెనుక కాంగ్రెస్ నిలబడింది. ఈ తేడా చిన్నది కాదు. అయినా, రాజ్యం లోపలి నుంచి చట్టాన్ని చూసిన మనిషి, వృత్తి రహస్యాలను కాపాడుతూనే, ఏ నిబంధన సామాన్యుడి బతుకును ఎలా తాకుతుందో విడమరచి చెప్పగలడు, ఆ వివరణ పౌరులకెంత అవసరమో పాలకులకూ అంతే అవసరం. అటువంటి న్యాయవాదిని ద్రోహిగా చూడడం అన్యాయం. అతని మాటను వాదనలోని బలాన్ని బట్టే తూచాలి.