నవ్వినోళ్లకు కాయితం దొరికింది, మనకెప్పుడు?

2024 జులై 19, శుక్రవారం. పొద్దుగాల పది కొట్టంగనే దునియా మొత్తం కంప్యూటర్లు నీలిరంగు మొకమేసినయి. బ్యాంకులు, దవాఖానలు, టీవీ చానళ్లు, విమానాలు ఎక్కడియక్కడ ఆగినయి. మన శంషాబాద్ ఎయిర్‌పోర్టుల ఇండిగోవోళ్లు బోర్డింగ్ పాసు పెన్నుతోని రాసిచ్చిన్రు. గా చేతిరాత కాయితం ఫొటో దేశమంతా తిరిగింది.

గా దినం సాఫ్ట్‌వేర్ పోరగాండ్లు ఏం జేసిన్రో ఎర్కేనా? కడుపుబ్బ నవ్విన్రు. అదే దినం చిక్కడపల్లి, అశోక్‌నగర్ గల్లీలల్ల ఇంకో ముచ్చట నడిచింది. ఆ ముచ్చట కాడికి తర్వాత వస్త. ముందుగాల గీ నవ్వు సంగతి చూద్దాం.

"శుక్రవారం నాడు కొత్త కోడ్ పంపొద్దు" అని ప్రోగ్రామర్లల్ల ఎప్పటిసందో ఒక మాటున్నది. మన ఊర్లల్ల మంగళారం కొత్త పని మొదలువెట్టొద్దు అన్నట్టు. కాకపోతే శుక్రవారం మాటకు ఒక లెక్కున్నది. శుక్రవారం పంపింది బోల్తా పడితే సరిజేసే మనుషులు శని, ఆదివారాలు దొరకరు. సరిగ్గ శుక్రవారం నాడే గింత పెద్ద బోల్తా పడేసరికి జోకులకు అడ్డే లేకపాయె. ఒకాయనైతే గా కంపెనీల తనకు ఇయ్యాల్నే మొదటి రోజని, చిన్న అప్‌డేట్ పంపి మధ్యాహ్నం సెలవు పెట్టిన్నని ఉత్తుత్తి ఫొటో పెట్టిండు. మస్తు మంది నిజమే అనుకున్నరు.

తమ్మీ, నేను ఇంజినీరింగ్ సదివినోణ్ని కాదు. ఫోన్ల సూసుకుంట, తెలిసినోళ్లను అడుక్కుంట నేర్చుకున్నోణ్ని. దవాఖానల ఆపరేషన్లు వాయిదా పడుతుంటె గీళ్లకు నవ్వెట్లొస్తది అని మొదలు నాక్కూడ కోపమచ్చింది. కానీ జర నిమ్మళంగ చదివితే ఒకటి సమజైంది. గా జోకులల్ల ప్రతిదాంట్ల పనితనం గురించి ఒక నియమం దాగున్నది. పరీక్షించకుంట పంపొద్దు. అందరికీ ఒక్కపారే పంపొద్దు. వెనక్కి మళ్లే తొవ్వ లేకుంట ముంగటికి పోవద్దు. మేస్త్రీలు వంకర గోడను సూసి నవ్వినట్టు, తెలిసినోళ్లు గీ నియమాలు తప్పినోణ్ని సూసి నవ్విన్రు.

ఇంతకు అయింది ఏంది? క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా కంపెనీ ఉన్నది. పెద్ద పెద్ద ఆఫీసుల కంప్యూటర్లల్ల దొంగలు చొరవడకుంట కావలి కాసుడు దాని పని. గా దినం మన టైం ప్రకారం పొద్దుగాల 9:39కి విండోస్ కంప్యూటర్లకు ఒక చిన్న ఫైలు పంపింది. ఫైలుల 21 గడులు ఉన్నయని ఒక దిక్కు రాసుకున్నరు. ఇంకో దిక్కు ఇచ్చింది 20. బంతిల 20 మందిని కూసోవెట్టి 21వ మనిషికి వడ్డించు అన్నట్టు. లేని మనిషి కోసం చెయ్యి చాపిన కంప్యూటర్ ఆన్నే కూలబడ్డది. 78 నిమిషాలల్ల ఫైలును వెనక్కి తీసుకున్నరు. కానీ అప్పటికే పడ్డయి పడ్డయి. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు. చానామటుకు ఒక్కొక్క మిషను కాడికి మనిషి పోయి, చేత్తోని ఆ ఫైలు తీసేయాల్సి వచ్చింది. అమెరికాల డెల్టా అనే విమానాల కంపెనీ సుమారు 7 వేల విమానాలు రద్దు చేసుకున్నది.

కంచె కూలి చేను మీదనే పడ్డదన్నట్టు.

తర్వాత ఏమైందో సూడున్రి. గట్టెక్కనీకి కష్టపడ్డ భాగస్వాములకు గా కంపెనీ 10 డాలర్ల ఉబర్ ఈట్స్ కూపన్లు పంపింది. అప్పట్ల మన పైసలల్ల ఎనిమిది వందల చిల్లర. గా కూపన్లు కూడ కొందరికి పనిచెయ్యలే! ప్రోగ్రామర్లు మళ్ల నవ్విన్రు. ఆగస్టు 6న కంపెనీ మొత్తం కారణం రాసి బయటపెట్టింది. గా 20, 21 లెక్క మనకు తెల్సింది ఆ కాయితంలకెల్లే. నాలుగు రోజులకు లాస్ వేగాస్‌ల డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల జాతర జరిగింది. ఆడ "అన్నిటికన్న పెద్ద ఫెయిల్" అని ఎగతాళి అవార్డు ఒకటిస్తరు. మామూలుగ దాన్ని తీస్కోనీకి ఎవ్వరూ రారు. ఈసారి కంపెనీ ప్రెసిడెంట్ మైఖేల్ సెంటోనాస్ స్వయంగ స్టేజీ ఎక్కి తీస్కున్నడు. పనికొచ్చేటోళ్లందరికి కనవడేటట్టు హెడాఫీసుల పెడ్తనన్నడు.

నేను గా కంపెనీని నెత్తినెత్తుకుంటలేను. ఎయిర్‌పోర్టుల నేల మీద పండుకున్న మనిషికి గా అవార్డు ఏం ఆసరైతది? నెలకు జీతం పడేటోడు నవ్వినంత అల్కగ, ఆపరేషన్ ఆగినోడు నవ్వలేడు. కానీ ఒకటైతే ఒప్పుకోవాలె. నవ్వు వాళ్లకు గట్టిగ తగిలింది. తగిలినంక జవాబు కాయితం మీదికొచ్చింది.

ఇగ అశోక్‌నగర్ కాడికి వద్దాం.

అమీర్‌పేట, అశోక్‌నగర్ రెండూ మన ఊరి పిల్లలతోనే నడుస్తయి. ఆడ జావా నేర్పుతరు, ఈడ పాలిటీ, ఎకానమీ చెప్తరు. నారాయణగూడ మెట్రో దిగి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దిక్కు నడిస్తే ఎటు సూసినా హాస్టళ్లు, కోచింగ్ బోర్డులు, జిరాక్సు దుకాణాలే. గా జులై నెలల ఈ పిల్లలు రాత్రిపూట రోడ్డెక్కిన్రు. డీఎస్సీ పరీక్ష జులై 18 నుంచి ఆగస్టు 5 దాక, గ్రూప్-2 ఆగస్టు 7, 8 తారీఖుల్ల. రెండిట్కి ఎట్ల చదవాలె అని అడిగిన్రు. 11,062 టీచరు కొలువుల డీఎస్సీ ఆగలే. గ్రూప్-2 మటుకు డిసెంబర్‌కు వాయిదా వడ్డది. గా మాట బయటికొచ్చింది సరిగ్గ జులై 19 నాడే.

పిల్లలు అడిగిందే అయ్యింది కద అంటరేమో. జర లెక్కపెట్టున్రి. 783 పోస్టుల గ్రూప్-2 నోటిఫికేషన్ వచ్చింది 2022 డిసెంబర్‌ల. పరీక్ష మొదలు 2023 ఆగస్టు అన్నరు. తర్వాత నవంబర్ అన్నరు. ఆ తర్వాత 2024 జనవరి, మళ్ల ఆగస్టు, ఆఖరికి డిసెంబర్. నాలుగు వాయిదాలు. సర్కారు మారింది, కమిషన్ పేరుల టీఎస్ పోయి టీజీ వచ్చింది, పరీక్ష మాత్రం 2024 డిసెంబర్ దాక రాలే.

గ్రూప్-1 కథ ఇంకా ఘోరం. 2022 అక్టోబర్ 16న ప్రిలిమ్స్ అయితే, 2023 మార్చిల పేపర్ లీకు బయటపడ్డది. కమిషన్ల పనిచేసే ఉద్యోగి, ఆడి కంప్యూటర్లు సూసుకునే ఔట్‌సోర్సింగ్ మనిషి అరెస్టయిన్రు. పరీక్ష రద్దు. జూన్ 11న మళ్ల పెడితే బయోమెట్రిక్ సరిగ్గ తీస్కోలేదని హైకోర్టు అది కూడ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిల నోటిఫికేషనే రద్దు చేసి 563 పోస్టులతోని కొత్తది ఇచ్చిన్రు. క్రౌడ్‌స్ట్రైక్ కాడ కంచె కూలింది. మనకాడ కంచే చేను మేసింది.

పోలీసులు కేసు వెట్టిన్రు, కోర్టులు తీర్పులిచ్చినయి. కానీ ఏ కంప్యూటర్ల, ఏ తాళం, ఎట్ల తెర్వవడ్డది, ఇప్పుడు ఏం మార్చిన్రు అని సాఫ్ తెలుగుల రాసిన కాయితం నాకు అందలే, నేను మాట్లాడిన పిల్లలకు అందలే. పాడైన ఫైలును 78 నిమిషాలల్ల వెనక్కి తీస్కోవచ్చు. వయసును వెనక్కి తీస్కునే బటన్ లేదు. 2024 ఫిబ్రవరిల కొలువుల వయసు 46 దాక పెంచిన్రు, మంచిదే. కానీ అమ్మానాయిన నెలనెలా పంపిన హాస్టల్ పైసలు దాంతోని వాపస్ రావు.

అందుకే చెల్లె, తమ్మీ, మీ ఫోన్లకు గీ కంప్యూటర్ జోకులు వస్తే మంచిగ నవ్వున్రి. నవ్వినంక మూడు మాటలు అడగున్రి. ఏం విరిగింది? నష్టం ఎవరి నెత్తిన వడ్డది? కారణం రాసి ఇచ్చిన్రా? సాఫ్ట్‌వేర్ అమీర్‌పేటోళ్ల ముచ్చట మాత్రమే అనుకోవద్దు. డీఎస్సీ రాసింది కంప్యూటర్ మీదనే. మన హాల్ టికెట్, మన వేలిముద్ర, మన మార్కులు అన్నీ దాంట్లనే ఉన్నయి.

కమిషన్‌ను నేను అడిగేది కొత్త హామీ కాదు. పరీక్ష ఆగిన ప్రతిసారి నెల లోపట కారణం తెలుగుల రాసి, రాసినోళ్లందరికి పంపాలె. ఎవరిది తప్పు, ఏం మార్చినం, మళ్ల గట్ల కాకుంట కావలి ఎవరు. రెండు పేజీలు సాలు. ఒక అమెరికా కంపెనీ తన పరువు పోయిన లెక్కను 18 రోజులల్ల బయటపెట్టింది. మనది పరువు ఒక్కటే కాదు, ఏండ్లకేండ్లు పోయినయి. గా లెక్క అడగనీకి సిగ్గుపడొద్దు.