సర్వర్ నడుస్తోంది సరే, సమాచారం సరిగ్గా ఉందా?

బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రభుత్వ శాఖల వంటి సంస్థలు ముఖ్యమైన డేటాబేస్‌ను ఒక్క సర్వర్‌ను నమ్ముకుని నడపవు. రెండు మూడు సర్వర్లను కలిపి క్లస్టర్‌గా ఏర్పాటు చేసుకుంటాయి. ఒకటి ఆగితే ఇంకొకటి పని అందుకుంటుంది. అయితే సేవ ఆగకపోవడం వేరు, అందులోని సమాచారం చెడకపోవడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకునేవారి చేతిలో, డేటా చెడిందన్న అనుమానం వచ్చిన మొదటి గంటలోనే అసలు నష్టం జరిగిపోవచ్చు.

మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌నే తీసుకుందాం. అది సమాచారాన్ని 8 కిలోబైట్ల పేజీలుగా భద్రపరుస్తుంది. పేజీని రాసేటప్పుడు చెక్‌సమ్ అనే సంఖ్యను లెక్కగట్టి అందులోనే ఉంచుతుంది. చదివేటప్పుడు మళ్లీ లెక్కిస్తుంది. రెండూ కలవకపోతే 824 నంబరు లోపం నమోదవుతుంది. దీన్ని ఎవరైనా గమనిస్తారు. గమనించకుండా వదిలేసేది 825ను. మొదటిసారి చదవలేకపోయిన పేజీ మళ్లీ ప్రయత్నిస్తే దొరికినప్పుడు ఈ సందేశం వస్తుంది. పని జరిగిపోయింది కాబట్టి దీని తీవ్రత స్థాయి 10 మాత్రమే, అంటే ఊరికే తెలియజేసే సందేశం. డిస్కు దెబ్బతినబోతోందని చెప్పే తొలి కబురు ఇదే కావచ్చు.

లోపం కనబడగానే రెండో సర్వర్‌కు మారిపోదామనిపిస్తుంది. సర్వర్లన్నీ ఒకే ఉమ్మడి డిస్కును వాడే క్లస్టర్‌లో, తప్పు మొదటి సర్వర్ మెమరీలోనో కేబుల్‌లోనో ఉంటే తప్ప, ఇలా మారడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఇల్లు మారినా నీళ్లు తోడేది ఆ బావిలోంచే. ప్రతి సర్వర్‌కూ సొంత ప్రతి ఉండే అవైలబిలిటీ గ్రూప్ పద్ధతి ఇంతకంటే నయం. ఒక డిస్కులో చెడిన పేజీ రెండో డిస్కుకు పాకదు. పక్క సర్వర్ నుంచి మంచి పేజీని తెప్పించుకుని సరిచేసుకోవడం కూడా సాధ్యమే. కానీ అప్లికేషనే తప్పుడు అంకె రాసినా, ఎవరైనా పొరపాటున వరుసలు తొలగించినా, ఆ తప్పు క్షణాల్లో అన్ని ప్రతులకూ చేరుతుంది. ప్రతులు ఎన్ని ఉన్నా బ్యాకప్ అవసరం తీరనిది అందుకే.

మరమ్మతు ఆదేశం ఇంకా ప్రమాదకరం. ‘రిపేర్ అలౌ డేటా లాస్’ అన్న పేరులోనే హెచ్చరిక ఉంది. చెడిన పేజీని అది బాగుచేయదు, తీసి పారేసి మిగిలినవాటిని అతుకుతుంది. ఆ పేజీలోని ఖాతాలు ఎవరివో తర్వాత చెప్పేవారుండరు. నిజానికి చాలా సందర్భాల్లో ఇంత తెగింపు అక్కర్లేదు. డీబీసీసీ చెక్‌డీబీ తనిఖీలో చెడింది కేవలం నాన్‌క్లస్టర్డ్ ఇండెక్స్ అని తేలితే, దాన్ని మళ్లీ కట్టుకుంటే సరి, డేటా పోదు. బ్యాకప్, లాగ్ ఫైళ్ల వరుస తెగకుండా ఉంటే చెడిన ఒక్క పేజీనే పునరుద్ధరించవచ్చు. కాబట్టి ముందు చేయాల్సింది పాత బ్యాకప్‌లు చెరిగిపోకుండా ఆపడం, ఉన్నదాన్ని ఉన్నట్టు నకలు తీసిపెట్టుకోవడం, వేరే యంత్రం మీద తనిఖీ చేయడం. మరమ్మతు మాట ఆ తర్వాతే.

ఇవి అరుదైన సంగతులేమీ కావు. 15.3 లక్షల డిస్కులను 41 నెలలపాటు గమనించి 2008లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 4 లక్షలకు పైగా చెక్‌సమ్ తేడాలు బయటపడ్డాయి. తప్పు ఎప్పుడూ డిస్కుదే అనుకోవడానికీ లేదు. ఫేస్‌బుక్ ఇంజనీర్లు 2021లో వివరించిన ఒక ప్రాసెసర్ 1.1ను 53వ ఘాతానికి పెంచి పూర్ణాంకం అడిగితే 156కు బదులు 0 ఇచ్చింది. దాంతో కొన్ని ఫైళ్ల పరిమాణం సున్నాగా లెక్కతేలి, అవి డేటాబేస్‌కు చేరనేలేదు. ఏ లోపమూ నమోదు కాలేదు.

2018 అక్టోబరు 21న గిట్‌హబ్ సంస్థ అమెరికా తూర్పు తీరంలోని నెట్‌వర్క్ 43 సెకన్లు తెగింది. క్లస్టర్ తనంతట తానే పశ్చిమ తీరానికి మారింది. అక్కడివి ఇక్కడ లేని రాతలు, ఇక్కడివి అక్కడ లేని రాతలు మిగిలాయి. సంస్థ తొందరపడలేదు. సేవ కుంటుపడినా పర్వాలేదు, డేటా ముఖ్యమని నిర్ణయించుకుంది. పూర్తిగా కోలుకోవడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. వాడుకరులకు చిరాకు కలిగించినా అది సరైన నిర్ణయమే. జరిగినదంతా బహిరంగంగా రాసిపెట్టడం ఇంకా మంచి పని. అంతకుముందు ఏడాది గిట్‌ల్యాబ్‌లో ఒక డేటాబేస్ పొరపాటున చెరిగిపోయినప్పుడు, రోజూ జరుగుతున్నాయనుకున్న బ్యాకప్‌లు కొంతకాలంగా విఫలమవుతున్నాయని ఆ రోజే తెలిసింది. సుమారు 6 గంటల డేటా పోయింది.

మన దగ్గర సేవా ఒప్పందాల్లో తరచూ కనబడే లెక్క 99.9 శాతం లభ్యత. అంటే ఏడాదిలో దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగవచ్చు. సర్వర్ ఆగితే కౌంటర్ దగ్గర వరుస పెరుగుతుంది, అందరికీ తెలుస్తుంది. భూమి రికార్డులో విస్తీర్ణం మారినా, ఆసుపత్రి రికార్డులో రక్తం గ్రూపు మారినా ఆ రోజు ఎవరికీ తెలియదు. ప్రజల రికార్డులు భద్రపరిచే ప్రతి సంస్థ ఒప్పందంలోనూ చివరిసారి బ్యాకప్‌ను వేరే యంత్రం మీద పునరుద్ధరించి చూసిన తేదీ, ఆ తనిఖీ ఫలితం ఉండాలి. దానికి కావలసింది ఒక అదనపు యంత్రం, నెలకు ఒక రాత్రి పని.