పనిముట్టుకు ఒక చోటు



చేతిపనిని నమ్ముకుని జీవించే కుటుంబాలు మన మధ్య ఎన్నో ఉన్నాయి. వడ్రంగం, దర్జీ పని, పరుపులు కుట్టడం, సోఫాలు బాగుచేయడం, ఆటో సీట్లు కట్టడం వంటి వృత్తులు ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగిస్తున్నాయి. చదువు ముగించిన యువకులు అనేకులు ఒక ఉస్తాదు వద్ద చేరి ఈ పనులు నేర్చుకుంటున్నారు. మంచి పనివాని గురించి మాట్లాడేటప్పుడు మనం అతని చేతి వేగాన్నీ, కుట్టు అందాన్నీ, కోతలోని నేర్పునూ ప్రశంసిస్తాం. ఆ చేయి చాచినప్పుడు పనిముట్టు ఎక్కడ ఉన్నదన్న విషయం మాత్రం సాధారణంగా ఎవరి దృష్టికీ రాదు. వృత్తిలో సగం నేర్పు ఆ చోటులోనే దాగి ఉందని మా అభిప్రాయం. సోఫా పని చేసే దుకాణాన్ని ఉదాహరణగా తీసుకుని ఈ నెల ఆ విషయాన్ని పాఠకుల ముందుంచుతున్నాం.

పని క్రమమే పనిముట్ల క్రమం

పాత సోఫా దుకాణానికి వచ్చినప్పుడు మొదట జరిగేది విప్పడం. చివర బిగించినది మొదట ఊడాలి గనుక ముందుగా అడుగున ఉన్న నల్లగుడ్డను, తరువాత వెనుక భాగాన్ని, ఆపైన చేతులను, సీటును విప్పుతారు. దీనికి పిన్నులు పీకే పనిముట్టు, కటింగ్ ప్లయర్, సుత్తి కావాలి. ఊడిన పాత గుడ్డను పారవేయరు. కొత్త గుడ్డ కత్తిరించడానికి అదే కొలత. తరువాత సాగిపోయిన నవారును తీసి, కొత్త పట్టీని బిగువుగా లాగి కొట్టాలి. స్ప్రింగులు ఉంటే వాటిని గట్టి దారంతో ఒకదానికొకటి కట్టాలి. పైన గోనెపట్టా, దానిపైన ఫోము. ఇక టేపు, సుద్దముక్క, పెద్ద కత్తెర బయటికి వస్తాయి. కుట్టుమిషను పని ముగిసిన తరువాత గుడ్డను తొడిగి, లాగి, స్టేపుల్ గన్‌తో పిన్నులు కొడతారు. మిషను చేరలేని మూలలను వంకర సూదితో చేత్తో కుడతారు.

పని ఇలా దశలు దశలుగా సాగుతుంది కాబట్టి పనిముట్లు కూడా దశల వారీగా ఉండటమే సహజం. విప్పేవి ఒకచోట, కొలిచి కత్తిరించేవి ఒకచోట, బిగించేవి ఒకచోట, కుట్టేవి ఒకచోట. సుత్తులన్నీ ఒక మూల, సూదులన్నీ మరొక మూల పేర్చితే అది చూడటానికి ముచ్చటగా ఉండవచ్చు. కాని పనివానికి కావలసింది ప్రదర్శన కాదు. ఈ దశలో చేయి వెదికే నాలుగు వస్తువులు ఒకేచోట దొరకాలి. దశ మారగానే ఆ నాలుగూ తమ చోటికి వెళ్లి, తరువాతి నాలుగూ ముందుకు రావాలి.

మూరెడు దూరం

అందుబాటు అంటే ఎంత దూరం? దీనికి మన పెద్దల కొలతే చక్కగా సరిపోతుంది. మోచేయి నుండి వేలికొన వరకు ఉన్నది మూర. మోచేతిని పక్కకు ఆనించి ముంజేతిని మాత్రమే అటూ ఇటూ తిప్పితే ఎంత మేర అందుతుందో, అంత మేరలో క్షణక్షణమూ వాడే వస్తువులు ఉండాలి. సుత్తి, చిన్న కత్తెర, సుద్దముక్క, పిన్నుల డబ్బా ఇక్కడివి. భుజం కదిపి చేయి పూర్తిగా చాచితే అందే మేరలో గంటకు కొన్నిసార్లు మాత్రమే తీసే వస్తువులు ఉండవచ్చు. రోజుకు ఒకటి రెండుసార్లు వాడేవి గోడకు ఉన్నా నష్టం లేదు. తరచుగా వాడే వస్తువు ఏదీ భుజానికి పైన గాని, మోకాలికి దిగువన గాని ఉండకూడదు. పైన ఉంటే భుజం అలసిపోతుంది, దిగువన ఉంటే నడుము వంగుతుంది.

సోఫా పనిలో మరొక చిక్కు ఉంది. దర్జీ ఒకేచోట కూర్చుంటాడు. సోఫా పనివాడు సోఫా చుట్టూ తిరుగుతాడు. ఈ కారణంగా గోడకు పలక బిగించి, పనిముట్లన్నీ వరుసగా తగిలించినా అతని కష్టం తీరదు. అతడు సోఫాకు అవతలి వైపున ఉన్నప్పుడు ఆ గోడ అందని దూరమే. అతనితో పాటు కదిలేది కావాలి: జేబులు గల గట్టి గుడ్డ ఏప్రన్, లేదా చక్రాలున్న చిన్న బల్ల. కంప్రెసర్‌తో నడిచే స్టేపుల్ గన్‌ను పైనుండి స్ప్రింగు తాడుతో వ్రేలాడదీస్తే గొట్టం కాళ్లకు చుట్టుకోదు, గన్ను నేలమీద పడదు. అయితే ఇరుక్కున్న పిన్నును తీసే ముందు గాలిగొట్టం ఊడదీయడం మరువరాదు. మన దుకాణాలలో అనేకులు నేలమీద కూర్చునే పని చేస్తారు. వారికి అంచులున్న ఒక పళ్లెం చాలు. కత్తిరింపు ముక్కలకు ప్రక్కనే ఒక సంచి ఉంటే పనిముట్లు వాటి కింద కప్పబడిపోవు.

ఇంత శ్రద్ధ అవసరమా అని కొందరు ప్రశ్నించవచ్చు. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. పనివాడు రోజుకు 300 సార్లు ఏదో ఒక పనిముట్టు అందుకుంటాడనీ, అది సరైన చోట లేనందున ప్రతిసారీ 4 సెకన్లు అదనంగా పోతాయనీ అనుకుందాం. రోజుకు 20 నిమిషాలు అవుతుంది. నెలకు 26 పనిదినాలైతే 520 నిమిషాలు. అంటే 8 గంటల 40 నిమిషాలు. నెలలో ఒక పూర్తి రోజు కూలి, వెదుకులాటలోనే కరిగిపోయిందన్నమాట. ఇక వంగి లేచిన నడుము నొప్పిని ఏ లెక్కలో వేయగలం?

ఈ విషయాన్ని శాస్త్రీయంగా పరిశీలించిన వారిలో అమెరికాకు చెందిన ఫ్రాంక్ గిల్‌బ్రెత్ ముఖ్యుడు. ఆయన 1885లో, తన 17వ ఏట, తాపీపనిలో చేరాడు. ఇటుకలు నేలమీద ఉండటం వలన మేస్త్రీ ప్రతి ఇటుకకూ తన శరీర భారాన్ని కిందికి దించి పైకి లేపవలసి వస్తున్నదని ఆయన గమనించాడు. ఇటుకలూ సున్నమూ చేతి ఎత్తులోనే ఉండేలా, గోడతో పాటు పైకి లేచే పరంజా ఏర్పాటు చేశాడు. ఒక ఇటుక పేర్చడానికి అవసరమైన 18 కదలికలను ఇంచుమించు 5కు తగ్గించగలిగాడు. పనివారిని తొందరపెట్టలేదు, వస్తువు చోటు మార్చాడు. ఆయన భార్య లిలియన్ గిల్‌బ్రెత్, 12 మంది బిడ్డల తల్లి, భర్త 1924లో మరణించిన తరువాత ఇదే విచక్షణను వంటగదికి అన్వయించింది. పొయ్యి, నీళ్ల తొట్టి, సామాను బల్ల మధ్య గృహిణి వేసే అడుగులను లెక్కించి, వాటిని తగ్గించే అమరికలను సూచించింది. మన ఇళ్లలో పోపుల డబ్బా పొయ్యి ప్రక్కనే ఎందుకు ఉంటుందో మన తల్లులకు ఎవరూ బోధించనక్కరలేదు. నూనె కాగిన తరువాత ఆవాల కోసం అటక ఎక్కేవారు ఎవరు? ఆ పోపుల డబ్బా జ్ఞానాన్నే దుకాణంలోకి తీసుకువెళ్లమని మేము కోరుతున్నాం.

దగ్గరిదంతా మంచి చోటు కాదు

అయితే దగ్గరగా ఉన్న ప్రతి చోటూ యోగ్యమైనది కాదు. ఇందుకు సోఫా పని చరిత్రలోనే ఒక నిదర్శనం ఉంది. స్టేపుల్ గన్ రాకముందు ఇంగ్లండు, అమెరికా దేశాలలో పనివారు చిన్న మేకులను నోటిలో పోసుకునేవారు. నాలుకతో ఒక్కొక్క మేకును తిప్పి పెదవుల మధ్యకు తెచ్చి, అయస్కాంతం గల సుత్తి ముఖానికి అంటించి గుడ్డపై నిలిపి, సుత్తిని తిప్పి రెండవ ముఖంతో దిగగొట్టేవారు. నోటిలో పెట్టుకోవడానికే శుద్ధిచేసిన మేకులు అమ్మేవారంటే ఆ అలవాటు ఎంత బలమైనదో ఊహించవచ్చు. చేతికి నోటికన్నా దగ్గరి చోటు మరొకటి లేదు. వేగం కూడా అపారం. కాని ఒక దగ్గు, ఒక తుమ్ము, వెనుకనుండి ఎవరైనా పిలిచిన ఒక పిలుపు చాలు, మేకు గొంతులోకి జారడానికి. ఈనాటికీ ఎందరో సోదరీమణులు గుండుసూదులను పెదవుల మధ్య పట్టుకుని గుడ్డ కుడుతున్నారు. దయచేసి ఆ అలవాటు మానండి. మణికట్టుకు కట్టుకునే చిన్న సూదుల దిండు గాని, అయస్కాంతం అడుగున పెట్టిన ఒక ఇనుప గిన్నె గాని అంతే దగ్గరగా ఉంటుంది, ప్రాణానికి ముప్పు తేదు.

పెద్ద కత్తెర సంగతి కూడా ఇటువంటిదే. అది బల్ల అంచున ఉంటే చేతికి అందుతుంది, నేలకూ అందుతుంది. ఒకసారి కింద పడితే దాని రెండు అలుగుల పొందిక చెడిపోవచ్చు. అప్పటినుండి అది గుడ్డను కోయదు, నములుతుంది. దానికి ఒర వంటి గట్టి జేబు కావాలి. గుడ్డ కోసే కత్తెరతో ఫోమునూ పిన్నులనూ కోయకుండా ఉండాలంటే, ఆ పనులకు వేరొక కత్తెర దాని కన్నా దగ్గరగా ఉండాలి. తప్పు పనిముట్టు చేతికి దగ్గరగా, సరైనది దూరంగా ఉన్నచోట ఎంత క్రమశిక్షణ నేర్పినా ఫలించదు. ఎడమచేతి వాటం గల యువకుడు పనిలో చేరితే అమరికనంతా అద్దంలో చూసినట్లు తిప్పి ఇవ్వాలి. అతని చేతిని మార్చడానికి ప్రయత్నించడం కన్నా బల్లను మార్చడం సులభం.

ఖాళీ చోటు చెప్పే సాక్ష్యం

ఇప్పటివరకు చెప్పినది సమయం గురించి, శరీరం గురించి. ఇంతకన్నా గంభీరమైన విషయం ఒకటి ఉంది. సోఫా పనివాడు వాడే సూదులు, మేకులు, పిన్నులు సరిగ్గా ఆ సోఫాలోనే దాక్కోగలవు. వంకర సూది ఒకటి ఫోము మడతలో మిగిలిపోయి, పైన గుడ్డ మూసుకుపోతే, అది బయటపడేది ఎప్పుడు? ఆ సీటుమీద ఒక వృద్ధురాలు కూర్చున్నప్పుడో, ఒక పసివాడు గెంతినప్పుడో. మనకు అప్పగించబడిన వస్తువు అమానతు. దానిని అందంగా తిరిగి ఇవ్వడంతో బాధ్యత తీరదు, హాని లేకుండా తిరిగి ఇవ్వాలి.

ప్రతి పనిముట్టుకూ ఒక స్థిరమైన చోటు ఉండటంలోని అసలు మేలు ఇక్కడే తెలుస్తుంది. ఆరు సూదులకు ఆరు గుర్తులున్న గుడ్డముక్క ఉందనుకోండి. అయిదు సూదులు ఉండి ఆరవ గుర్తు ఖాళీగా కనిపిస్తే, ఆ ఖాళీయే సాక్ష్యం చెబుతుంది: ‘సీటు మూయవద్దు, ఒకటి లోపల ఉంది’. డబ్బాలో కలగాపులగంగా పడేసిన సూదులు ఈ మాట ఎన్నటికీ చెప్పలేవు. పలక మీద ప్రతి పనిముట్టు ఆకారాన్ని రంగుతో గీసి ఉంచే పద్ధతి కర్మాగారాలలో ఉన్నది ఇందుకే. మన చిన్న దుకాణానికి రంగులు అక్కరలేదు. ఒక సుద్దగీత చాలు. అడుగు నల్లగుడ్డ బిగించే ముందు ఒకసారి లెక్క చూడటం, చేతిలోని అయస్కాంతాన్ని సీటు అంచుల వెంట నడిపించడం, ఈ రెండింటికీ పట్టే సమయం రెండు నిమిషాలు.

వినియోగదారుని ఇంటికే వెళ్లి పని చేసేవారికి ఈ నియమం మరింత అవసరం. జేబులు కుట్టిన గుడ్డను విప్పి పరిస్తే పనిముట్లన్నీ మూరెడు దూరంలో ఉంటాయి. చుట్టినప్పుడు ఏ జేబు ఖాళీయో చేతికే తెలిసిపోతుంది. ఆ ఇంటి తివాచీ మీద ఒక పిన్ను మిగిలితే, మరునాడు దానిమీద పాకేది వారి బిడ్డ.

మన బిడ్డల మాట కూడా చెప్పుకోవాలి. అనేక కుటుంబాలలో దుకాణమూ ఇల్లూ ఒకే కప్పు కింద ఉంటాయి. ముందు గదిలో సోఫా పని, వెనుక గదిలో వంట, మధ్యలో తిరిగే పసివారు. పనివాని చేతికి సులభంగా అందేది మూడేళ్ల పిల్లవాని చేతికీ సులభంగానే అందుతుంది. ఈ రెండు అవసరాలనూ కాలమే వేరు చేయాలి. పని జరుగుతున్నంతసేపు పనిముట్లు నడుముకు కట్టిన ఏప్రన్‌లో గాని, పని బల్ల మధ్యలో గాని ఉండాలి. నమాజుకో భోజనానికో లేచినప్పుడు అవి మూత గల పెట్టెలోకి వెళ్లాలి. ‘అయిదు నిమిషాలలో వచ్చేస్తాను కదా’ అని వదిలిన బల్లే ప్రమాదానికి బల్ల. ఫోము అంటించే సొల్యూషన్ డబ్బాను అందుబాటులో ఉంచవలసిన వస్తువులలో చేర్చవద్దు. దాని ఆవిరి తలకెక్కేది, నిప్పు తగిలితే భగ్గుమనేది. అది మూతతో, పొయ్యికి దూరంగా, పిల్లలకు అందని ఎత్తులో ఉండాలి.

ఉస్తాదులకు ఒక మనవి

విద్య నేర్పే వృత్తిలో ఉన్నవారిగా మేము ఒక సంగతి గమనించాం. ఏ చోటి నుండి తీశావో ఆ చోటనే పెట్టు అని నూరుసార్లు చెప్పినా శిష్యుడు వినడు. ఉస్తాదు పెట్టడం రోజూ చూస్తే నెల తిరగకుండా తానూ పెడతాడు. ‘ఎక్కడ పడేశావురా సుత్తి?’ అని కేకలు వినబడే దుకాణంలో పిల్లలు నేర్చుకునేది కేకలు వేయడమే. కనుక క్రొత్తగా చేరిన యువకునికి మొదటి రోజే సుత్తి పట్టడం నేర్పకండి. సుత్తి చోటు చూపించండి. అతనికంటూ ఒక పళ్లెం, ఒక చిన్న కత్తెర, ఒక సుద్దముక్క కేటాయించండి. సాయంత్రం దుకాణం మూసే ముందు పది నిమిషాలు పనిముట్లు తుడిచి, లెక్కించి, చోట్లలో అమర్చడానికి కేటాయించండి. ఆ పది నిమిషాలను కూడా కూలి సమయంగానే లెక్కించండి. శిష్యుని విశ్రాంతి నుండి కోయకండి.

ఇక పనివారు ఎవరికి వారు చేసుకోగలిగిన పరీక్ష ఒకటుంది. రేపు పనిలో కూర్చున్నప్పుడు ఒక గంటసేపు, ఏయే వస్తువు కోసం లేవవలసి వచ్చిందో, దేని కోసం వంగవలసి వచ్చిందో, దేనిని వెదకవలసి వచ్చిందో సుద్దముక్కతో బల్లమీద గీతలు గీయండి. ఎక్కువ గీతలు పడిన వస్తువును మూరెడు దూరంలోకి తెచ్చుకోండి. ఒక్క గీత కూడా పడని వస్తువును అక్కడినుండి తీసివేయండి. మరుసటి వారం మళ్లీ చూడండి. దీనికి ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. ఇంటిలో కుట్టుమిషను ముందు కూర్చునే సోదరీమణులు కూడా ఇదే పరీక్ష చేసుకోవచ్చు.

సుత్తి చోటు సుత్తికి, సూది చోటు సూదికి ఇచ్చిన పనివాడు తన నడుముకూ, తన శిష్యునికీ, తన బిడ్డకూ, తాను ఎన్నడూ చూడని ఆ సోఫా మీద కూర్చోబోయే మనిషికీ మేలు చేసినవాడవుతాడు.