గుడారమా, చావడా?

అమెరికాలో జార్జియా నుండి మెయిన్ వరకు సుమారు 3,500 కిలోమీటర్ల అపలేషియన్ కాలిబాట ఉంది. ఇది 1937లో పూర్తయింది. దారి పొడవునా 250కి పైగా చావడులున్నాయి. చాలావాటికి పైకప్పు, మూడు గోడలే. నాలుగోవైపు తెరిచే ఉంటుంది. సాధారణంగా ముందు వచ్చినవారిదే చోటు. మీరైతే రాత్రి అక్కడ పడుకుంటారా, మోసుకెళ్లిన గుడారంలోనా?

గుడారం ఈదురుగాలిని, దోమలను ఆపుతుంది. కాని మన శ్వాసలోని నీటియావిరి చల్లని గుడ్డకు తగిలి బిందువులై పక్కబట్టలను తడుపుతుంది. చావడిలో గాలి బాగా ఆడుతుంది కనుక ఆ బాధ తక్కువ. అయితే తిండి వాసనకు ఎలుకలు చేరతాయి.

మన సుఖం ఒక్కటే చూస్తే చాలదు గదా! పదేపదే తొక్కిన చోట మన్ను అణిగి గట్టిపడుతుంది. వాననీరు సరిగా ఇంకదు, వేళ్లకు గాలి అందదు. రద్దీ బాటలో తలొకచోట గుడారం వేస్తే అలాంటి మచ్చలు అడవంతా పెరుగుతాయి. చావడి ఆ నష్టాన్ని ఒక్కచోటికే పరిమితం చేస్తుంది.

కాబట్టి చోటుంటే చావడిలోనే పడుకోవాలని నా అభిప్రాయం. అలాగని గుడారాన్ని ఇంటివద్ద వదలకూడదు. వానరాత్రి చావడి నిండిపోతే, తడిసిన ఒళ్లు త్వరగా వేడి కోల్పోతుంది; అది ప్రాణాపాయం. అప్పుడు కూడా ఇదివరకే గట్టిపడిన నేలమీదే గుడారం వేయండి.